టెలివిజన్‌కు స్పీకర్ల అమరిక

టెలివిజన్‌కు స్పీకర్ల అమరిక అనగా టీవీ లోపల తయారీదారులు బిగించిన చిన్న స్పీకర్లకు బదులుగా, విడిగా ఉండే ఒకటి లేక రెండు స్పీకర్లను దానికి కలిపి, గదిలో తగిన చోట నిలిపి, ధ్వని స్పష్టంగా వినబడేటట్లు చేసే పద్ధతి. సినిమా హాలులోని హోరును ఇంటికి తెచ్చుకొనడమే దీని ఉద్దేశమని చాలామంది భావిస్తారు. కాని సాధారణ కుటుంబానికి దీనివలన కలిగే అసలు ప్రయోజనం వేరు. తెర మీది మనుషులు మాట్లాడే మాట అర్థం కావడమే ఆ ప్రయోజనం. "బొమ్మ బాగానే ఉంది, మాటే తెలియడం లేదు" అనే ఫిర్యాదు పలచని టీవీలు వచ్చిన తరువాత ఎక్కువైంది. ముఖ్యంగా పెద్దవారి నోట తరచుగా వినబడుతుంది. వాల్యూమ్ పెంచితే శబ్దం పెరుగుతుంది గాని మాట తేటపడదు. ఇలా ఎందుకు జరుగుతుందో ముందుగా వివరించి, ఆ తరువాత పెద్దగా ఖర్చు లేని అమరికను గురించి ఈ వ్యాసంలో చెప్పడం జరిగింది.

మాటలో అచ్చులు, హల్లులు

ధ్వని అనేది గాలిలో కలిగే కంపనం. ఒక సెకనులో ఎన్ని కంపనాలు కలుగుతాయో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటారు. దీని కొలమానం హెర్ట్జ్. ఆరోగ్యంగా ఉన్న చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. మాట్లాడేటప్పుడు పురుషుల గొంతులోని స్వరతంత్రులు సెకనుకు సుమారు 85 నుండి 180 సార్లు, స్త్రీల స్వరతంత్రులు సుమారు 165 నుండి 255 సార్లు కంపిస్తాయి. గొంతుకు బలాన్ని ఇచ్చేవి ఈ కంపనాలు, వాటి గుణిజాలు. అచ్చులలో ఈ బలం దండిగా ఉంటుంది.

హల్లుల సంగతి అలా కాదు. క, చ, ట, త, ప అనే పరుషాలు సెకనులో కొన్ని వందల వంతుల కాలంలోనే పుట్టి మాయమవుతాయి. శ, ష, స లు నోటిలోని సన్నని సందు గుండా గాలి రాసుకొని పోవడం వలన పుట్టే బుసలు. వీటిలో ఒకదానిని మరొకదాని నుండి వేరుచేసే గుర్తులు చాలావరకు 2,000 హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. 'స'కారపు శక్తి ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్‌కు కూడా పైన ఉంటుంది. పైగా అచ్చులతో పోలిస్తే ఈ ధ్వనులు ఎంతో బలహీనమైనవి.

కాలు, చాలు, తాలు, పాలు, వాలు అనే మాటలను చూడండి. వీటిలో బలమైన భాగమంతా ఒక్కటే. మొదటి హల్లు ఒక్కటే వేరు, అర్థాన్ని నిర్ణయించేది కూడా అదే. ఆ హల్లు చెవికి అందకపోతే "ఆలు" అన్న ధ్వని మాత్రం మిగులుతుంది, మిగిలినది శ్రోత ఊహించుకోవలసిందే. పాతకాలపు టెలిఫోన్ వ్యవస్థ సుమారు 300 నుండి 3,400 హెర్ట్జ్ వరకే ధ్వనిని మోసేది. ఫోనులో ఊరి పేరో ఇంటి పేరో చెప్పేటప్పుడు "పద్మలో ప" అని విడమరచి చెప్పవలసి రావడానికి ఇది ఒక కారణం.

వయసుతో వచ్చే వినికిడి లోపం కూడా సాధారణంగా ఎక్కువ పౌనఃపున్యాల దగ్గరే మొదలవుతుంది. అందుచేత పెద్దవారికి శబ్దం వినబడుతూనే ఉంటుంది గాని మాట విడిపడదు. "వినబడుతోంది గాని తెలియడం లేదు" అని వారు అనడంలో వైరుధ్యమేమీ లేదు, అది జరుగుతున్న విషయానికి సరైన వర్ణన. ఇటువంటి చెవికి హల్లులను మింగివేసే స్పీకర్ ఎదురైతే నష్టం రెండింతలవుతుంది.

పలచబడిన టీవీ

నేడు మనం వాడే లౌడ్‌స్పీకర్ రూపురేఖలను అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో ప్రకటించిన పత్రంలో స్థిరపరచారు. అయస్కాంతం నడుమ ఒక తీగచుట్ట ఉంటుంది. దానికి ఒక శంకువు అతికి ఉంటుంది. తీగలో విద్యుత్తు మారినప్పుడల్లా శంకువు ముందుకు, వెనుకకు కదిలి గాలిని నెడుతుంది. ఇన్నేళ్ళలో పదార్థాలు మారాయి గాని సూత్రం మారలేదు.

ఈ సూత్రంలోనే చిక్కు కూడా ఉన్నది. శంకువు ఒకే తీవ్రతతో ధ్వనిని ఇవ్వాలంటే, పౌనఃపున్యం సగానికి తగ్గినప్పుడు అది నాలుగింతలు ఎక్కువ దూరం కదలాలి. శంకువు వ్యాసాన్ని సగం చేస్తే నెట్టే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది కనుక మళ్ళీ నాలుగింతలు కదలాలి. అనగా చిన్న స్పీకరు లోతైన ధ్వనులను ఇవ్వలేదు. బలవంతం చేస్తే అది వికృతంగా కంపించి మిగతా ధ్వనులను కూడా పాడుచేస్తుంది.

పిక్చర్ ట్యూబు ఉన్న పాత టీవీల వెనుక లోతైన పెట్టె ఉండేది. హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. తయారుచేసిన ఈసీ టీవీ వంటివాటిని చూసిన తరానికి ఆ పెట్టెల లావు గుర్తుండే ఉంటుంది. ఆ పెట్టెలలో ఎక్కువభాగం ఒకే ఒక స్పీకరు ఉండేది. అయినా అది చెప్పుకోదగిన పరిమాణంలో ఉండేది, చాలా నమూనాలలో వీక్షకుల వైపే తిరిగి ఉండేది, దాని వెనుక గాలి ఆడడానికి చోటు ఉండేది. మాట సూటిగా వచ్చి చెవికి తగిలేది. అది గొప్ప ధ్వని కాదు, సంగీతానికి అంతకంటే ట్రాన్సిస్టరే నయమనేవారు కూడా ఉన్నారు. కాని వార్తలు మాత్రం పక్క గదిలోకి కూడా అర్థమయ్యేవి.

ఎల్.సి.డి., ఎల్.ఇ.డి. తెరలు వచ్చిన తరువాత టీవీ మందం కొన్ని సెంటీమీటర్లకు తగ్గింది. తెర చుట్టూ ఉండే చట్రం కూడా సన్నబడింది. స్పీకరుకు ముందువైపున చోటు లేకుండా పోయింది. అందువలన చాలా టీవీలలో స్పీకర్లను నేలవైపుకో, వెనుక గోడవైపుకో తిప్పి బిగిస్తున్నారు. తక్కువ పౌనఃపున్యాల తరంగాలు పొడవైనవి కనుక అడ్డం వచ్చినవాటిని చుట్టి ముందుకు రాగలవు. 100 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 3.4 మీటర్లు. 4,000 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం మాత్రం 9 సెంటీమీటర్ల కంటే తక్కువ. టార్చిలైటు వెలుగు వలె అది తాను వెళ్ళిన దిక్కునకే పోతుంది. గోడకు తగిలి, బల్లకు తగిలి, చెదిరి, ఆలస్యంగా మన వద్దకు వస్తుంది. హల్లులు ఉండేది సరిగ్గా ఈ భాగంలోనే. లోతు తగ్గింది చిన్న స్పీకరు వలన, తేట తగ్గింది దాని ముఖం అటు తిరిగి ఉండడం వలన. ఈ రెండవ లోపం మొదటిదాని కంటే పెద్దది, కాని దుకాణంలో ఎవరూ దాని గురించి చెప్పరు.

రెండు స్పీకర్లు ఎందుకు

తెర మీద మనిషి కుడివైపున ఉంటే మాట కూడా కుడివైపు నుండి రావాలి కదా అన్న ఆలోచన నుండే స్టీరియో పుట్టిందని చెబుతారు. బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో భార్యతో కలిసి సినిమాకు వెళ్ళినప్పుడు, నటుడు తెర మీద ఎక్కడున్నా గొంతు ఒకేచోటి నుండి రావడం గమనించి, దీనికి ఉపాయం కనిపెట్టానని అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన పేటెంటుకు దరఖాస్తు చేసిన మాట మాత్రం చరిత్రలో నమోదైన విషయం. రాడార్ పరీక్షల సందర్భంగా 1942లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు.

రెండు స్పీకర్ల నుండి ఒకే గొంతు ఒకే తీవ్రతతో వచ్చినప్పుడు, వాటికి సమానదూరంలో కూర్చున్న శ్రోతకు ఆ గొంతు రెండింటి నడుమ గాలిలో నుండి వస్తున్నట్లు తోస్తుంది. అక్కడ నిజానికి ఏ స్పీకరూ ఉండదు. టీవీకి చెరొక పక్కన ఒక స్పీకరు పెడితే ఈ నడిమి స్థానం సరిగ్గా తెర మధ్యకు వస్తుంది. వార్తలు చదివేవారి గొంతు వారి నోటి నుండే వస్తున్నట్లు అనిపిస్తుంది. కన్ను, చెవి ఒకే చోటికి పోయినప్పుడు మాటను పట్టుకొనడం కూడా తేలికవుతుంది.

కావలసిన వస్తువులు

ఆంప్లిఫయర్ తమలోనే ఉండే రెండు చిన్న స్పీకర్లు చాలు. కంప్యూటర్‌కు వాడే స్పీకర్లలో కొంచెం పెద్దవి, సుమారు 8 నుండి 13 సెంటీమీటర్ల వూఫర్‌తోపాటు విడిగా ట్వీటర్ ఉన్నవి ఈ పనికి బాగా సరిపోతాయి. ఇంటిలో పాత మ్యూజిక్ సిస్టమ్ మూలపడి ఉంటే ముందుగా దానిని పరీక్షించడం మంచిది. దాని వెనుక 'ఆక్స్' అని రాసి ఉన్న రంధ్రాలు ఉంటే అది పనికివస్తుంది. ఇరవై, ముప్పై ఏళ్ళ నాటి స్పీకరు పెట్టెలు కూడా శంకువు చిరగకుండా, చుట్టూ ఉన్న నురుగు అంచు పొడి రాలకుండా ఉంటే కొత్త టీవీ లోపలి స్పీకర్ల కంటే ఎంతో మెరుగు.

వాట్ల విషయంలో మోసపోరాదు. ఒక మోస్తరు స్పీకరు ఒక వాటు విద్యుత్తుకు ఒక మీటరు దూరంలో సుమారు 86 డెసిబెల్‌ల ధ్వనిని ఇస్తుంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్‌ల ప్రాంతంలో ఉంటుంది. అనగా మూడు మీటర్ల దూరంలో కూర్చుని వార్తలు వినడానికి ఖర్చయ్యేది ఒక వాటులో చిన్న భాగమే. అట్టపెట్టెల మీద పి.ఎం.పి.ఓ. పేరుతో వేల సంఖ్యలో వాట్లు అచ్చువేసే ఆచారం మన బజార్లలో చాలాకాలం సాగింది. ఆ సంఖ్యకు కొలతగా ఏ విలువా లేదు. ఆర్.ఎం.ఎస్. అని ఇచ్చిన సంఖ్యను చూడాలి. గదికి ఒక్కొక్క స్పీకరుకు 15, 20 వాట్లు ఉంటే అవసరానికి మించి ఉన్నట్లే. మరొక విషయం, వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపు బిగ్గరగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అంటే పదింతల వాట్లు కావాలి.

సౌండ్‌బార్ అనే పొడవాటి ఒంటి స్పీకరు కూడా ఇదే పనికి వాడుకలో ఉంది. తెర కింద అమరిపోవడం, తీగలు తక్కువగా ఉండడం దీనిలోని సుగుణాలు. స్పీకర్లు వీక్షకులవైపు తిరిగి ఉండడం వలన మాట టీవీ కంటే బాగుంటుంది. కాని అదే ధరకు దొరికే రెండు విడి స్పీకర్లు సాధారణంగా దీనికంటే నిండైన ధ్వనిని ఇస్తాయి. సబ్‌వూఫర్ అనే లోతుధ్వనుల పెట్టె మాట తెలియడానికి అవసరం లేదు. లోతైన ధ్వనులు ఎక్కువైనప్పుడు అవి తమకు పైనున్న పౌనఃపున్యాలను కప్పివేస్తాయి కనుక మాటకు హాని కూడా కలగవచ్చు. అపార్ట్‌మెంటులలో గోడలు దాటి పొరుగువారిని ఇబ్బందిపెట్టేది కూడా ముఖ్యంగా ఈ ధ్వనులే.

స్పీకర్లను నిలిపే విధానం

ధ్వని నాణ్యతలో స్పీకరు ధరకు ఎంత పాత్ర ఉందో దానిని నిలిపే చోటుకు కూడా దాదాపు అంత పాత్ర ఉంది. సంగీతం వినడానికి శ్రోత, రెండు స్పీకర్లు ఒక సమబాహు త్రిభుజపు మూడు శీర్షాలలో ఉండాలని చెబుతారు. టీవీకి అంత వెడల్పు వద్దు. స్పీకర్లు మరీ దూరంగా ఉంటే ధ్వని బొమ్మను విడిచి గది చివరలకు పోతుంది. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. దానికి ఇరువైపులా జానెడు, జానెడున్నర ఎడంగా పెడితే స్పీకర్ల మధ్య దూరం ఒకటిన్నర మీటర్లకు కొంచెం అటుఇటుగా వస్తుంది. రెండున్నర, మూడు మీటర్ల దూరం నుండి చూసేవారికి ఇది సరిపోతుంది.

ట్వీటర్ చెవి ఎత్తుకు రావాలి. సోఫాలో కూర్చున్నవారి చెవి నేల నుండి సుమారు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. పొట్టి బల్ల మీద పెట్టవలసి వస్తే స్పీకరు ముందుభాగం కింద చిన్న చెక్కముక్కనో రబ్బరు ముక్కనో ఉంచి ముఖాన్ని పైకి వంచాలి. స్పీకరును బల్ల అంచు దాకా ముందుకు జరపాలి. వెనుకకు ఉంటే ధ్వని బల్ల ఉపరితలానికి తగిలి, కొద్ది ఆలస్యంతో వచ్చి, సూటిగా వచ్చిన ధ్వనితో కలిసి కొన్ని పౌనఃపున్యాలను రద్దుచేస్తుంది.

మన ఇళ్ళలో టీవీని, స్పీకర్లను గోడలో కట్టిన షోకేసు అరలలో పెట్టడం ఒక అలవాటు. మూడువైపులా మూసి ఉన్న అర ఒక కుండ వలె పనిచేస్తుంది. కుండలో మాట్లాడిన మాట ఎలా గుమ్మని మోగుతుందో స్పీకరు ధ్వని కూడా అలాగే మోగుతుంది. వేరే చోటు లేకపోతే కనీసం స్పీకరు ముఖం అర అంచుతో సమానంగా వచ్చేటట్లు ముందుకు లాగి, వెనుక మిగిలిన ఖాళీలో పాత దుప్పటి కుక్కితే మోత చాలావరకు తగ్గుతుంది. గది మూలలో పెట్టిన స్పీకరు కూడా ఇదే విధంగా లోతుధ్వనులను అతిగా ఇస్తుంది. మూల నుండి రెండు మూడు అడుగులు జరిపి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

కుటుంబమంతా సరిగ్గా తెరకు ఎదురుగా కూర్చోదు. ఒకరు దివాన్ మీద పక్కగా ఉంటారు, పిల్లలు చాప మీద ఉంటారు. పక్కగా కూర్చున్నవారికి దగ్గరి స్పీకరు ధ్వని ముందుగా చేరుతుంది. మొదట చేరిన ధ్వని ఎటునుండి వచ్చిందో ఆ దిక్కునే ధ్వని పుట్టినట్లు మెదడు నిర్ణయిస్తుంది. జర్మనీకి చెందిన హెల్మట్ హాస్ 1949లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో దీనిని వివరంగా పరిశీలించాడు. అందుచేత పక్కవారికి మాటంతా ఒకే స్పీకరు నుండి వస్తున్నట్లు ఉంటుంది. దీనికి కొంత విరుగుడు ఉన్నది. రెండు స్పీకర్ల ముఖాలను లోపలికి, మధ్యలో కూర్చున్నవారికి కాస్త ముందుగానే వాటి చూపులు కలిసేటంతగా తిప్పాలి. అప్పుడు ఎడమవైపున కూర్చున్నవారికి ఎడమ స్పీకరు దగ్గరగా ఉన్నా దాని ముఖం వారివైపు ఉండదు కనుక ధ్వని కొంత తగ్గుతుంది. కుడి స్పీకరు దూరంగా ఉన్నా సూటిగా వారినే చూస్తుంది. సమయంలో పోయినది తీవ్రతలో కొంతవరకు తిరిగి వస్తుంది.

వార్తలు, ధారావాహికలు తప్ప మరేమీ చూడని ఇంటిలో రెండు స్పీకర్లు కూడా అవసరం లేదు. ఒకే మంచి స్పీకరును తెరకు సరిగ్గా కింద నిలిపి రెండు ఛానళ్ళను కలిపి అందులోనే వినిపిస్తే, గదిలో ఎవరు ఎక్కడ కూర్చున్నా మాట తెర వద్ద నుండే వస్తుంది. ఇందుకు టీవీ మెనూలో 'మోనో' అనే ఎంపిక ఉండాలి, లేదా స్పీకరే రెండు ఛానళ్ళను తనలో కలుపుకోగలగాలి.

టీవీతో కలపడం

అన్నిటికంటే సులభమైనది ఇయర్‌ఫోన్ పెట్టే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం. ఒకవైపు ఆ పిన్ను, మరొకవైపు ఎరుపు, తెలుపు పిన్నులు ఉండే తీగ ఎలక్ట్రానిక్ దుకాణాలలో చవకగా లభిస్తుంది. దీనిని వాడినప్పుడు టీవీ రిమోటుతోనే శబ్దాన్ని మార్చుకోవచ్చు. ఇంటిలోని పెద్దవారికి రెండవ రిమోటు నేర్పవలసిన పని ఉండదు. ఇది చిన్న సౌకర్యం కాదు.

కొత్త టీవీలు కొన్నింటిలో ఈ రంధ్రం ఉండడం లేదు. వాటిలో కాంతి ద్వారా ధ్వనిని పంపే ఆప్టికల్ రంధ్రం ఉంటుంది. తోషిబా సంస్థ 1983లో ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. స్పీకరులో దీనికి తగిన రంధ్రం లేకపోతే అంకెల రూపంలోని ధ్వనిని మామూలు విద్యుత్తు సంకేతంగా మార్చే చిన్న పెట్టెను నడుమ పెట్టాలి. హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాలలో ఒకదాని మీద ఏ.ఆర్.సి. అని రాసి ఉంటే దానిద్వారా కూడా టీవీ ధ్వని బయటికి వస్తుంది. 2009లో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. 1.4తో ఈ సదుపాయం మొదలైంది.

తీగ కలిపినా ధ్వని రాకపోవడానికి, లేదా సంగీతం వచ్చి మాట రాకపోవడానికి తరచుగా ఒక అమరిక కారణమవుతుంది. ఆరు ఛానళ్ళుగా రికార్డయిన సినిమాలో సంభాషణలు ఎక్కువగా నడిమి ఛానల్‌లో ఉంటాయి. రెండు స్పీకర్లే ఉన్నప్పుడు ఆ నడిమి ఛానల్‌ను రెండింటిలోనూ కలిపి పంపమని టీవీకి, సెట్‌టాప్ బాక్సుకు చెప్పాలి. మెనూలో ధ్వని రూపాన్ని 'పి.సి.ఎం.' అనో 'స్టీరియో' అనో మారిస్తే ఆ పని జరుగుతుంది. భారతదేశంలో కేబుల్ ప్రసారాలు 2012 నుండి 2017 మధ్య దశలవారీగా డిజిటల్‌కు మారాయి. సెట్‌టాప్ బాక్సు ఉన్న ఇంటిలో టీవీ మెనూతోపాటు దాని మెనూను కూడా చూడాలి.

విడి ఆంప్లిఫయర్‌తో తీగలు బిగించేవారు ఎరుపును ఎరుపుకు, నలుపును నలుపుకు కలపాలి. ఒక స్పీకరులో మాత్రం ఇవి తారుమారైతే ఒక శంకువు ముందుకు వచ్చే క్షణంలో రెండవది వెనుకకు పోతుంది. ధ్వని ఆగిపోదు, కాని లోతు పోతుంది, గొంతు ఎక్కడినుండి వస్తున్నదో తెలియకుండా గది అంతా పరుచుకుంటుంది. పరీక్ష సులువే. వార్తా ఛానల్ పెట్టి మధ్యలో కూర్చుని కళ్ళు మూసుకోవాలి. గొంతు తెర నడుమ నుండి సన్నగా, స్థిరంగా వస్తే అంతా సరిగా ఉన్నట్లు. లేకపోతే ఒక స్పీకరు వెనుక రెండు తీగలను అటుదిటు మార్చి మళ్ళీ వినాలి. తీగలు విప్పే ముందు ఆంప్లిఫయర్‌ను ఆపివేయాలి.

పెదవుల కదలిక

బ్లూటూత్ ద్వారా తీగ లేకుండా కలపడం ఆకర్షణీయంగా ఉన్నా, ధ్వనిని కుదించి, పంపి, తిరిగి విప్పడానికి సాధారణంగా 100 నుండి 200 మిల్లీసెకన్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పడుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు ప్రకారం ధ్వని బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందుగా వచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనుకగా వచ్చినా చూసేవారు గుర్తించడం మొదలవుతుంది. ఆలస్యానికి చెవి ఎక్కువ ఓర్పు చూపడం సహజమే, దూరాన జరిగినదాని శబ్దం ఆలస్యంగా వినడం ప్రకృతిలో మనకు అలవాటు. శబ్దం ముందు వచ్చి దృశ్యం తరువాత రావడం ప్రకృతిలో లేదు.

వినికిడి తగ్గినవారు తమకు తెలియకుండానే పెదవుల కదలికను చదువుతూ ఉంటారు. వారికి ఈ తేడా మరింత నష్టం చేస్తుంది. చాలా టీవీలలో ధ్వని ఆలస్యాన్ని సరిచేసే ఏర్పాటు ఉంటుంది. అయితే అది సాధారణంగా ధ్వనిని మరింత వెనుకకు జరపగలదే గాని ముందుకు తేలేదు. అందుచేత టీవీ వద్ద తీగను మించినది లేదు. ఇతర భాషల నుండి డబ్బింగ్ చేసిన ధారావాహికలలో పెదవులు, మాటలు కలవకపోతే అది స్పీకరు దోషం కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

గది ప్రభావం

పలకరాయి లేక టైల్సు నేల, సున్నం వేసిన గోడలు, సిమెంటు శ్లాబు గల గది ధ్వనిని పీల్చదు, తిరగగొడుతుంది. మాట పలికిన తరువాత కూడా దాని అవశేషం గదిలో తిరుగుతూ ఉండడాన్ని ప్రతినాదం అంటారు. ముందరి అక్షరపు అచ్చు ఇంకా మోగుతూ ఉండగానే తరువాతి హల్లు వస్తే అది ఆ మోతలో మునిగిపోతుంది.

ఈ విషయాన్ని మొదటిసారి కొలిచి చూపినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ సబైన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో ఏమి చెప్పినా విద్యార్థులకు అర్థం కాకపోవడంతో ఆ పని ఆయనకు అప్పగించారు. పలికిన మాట అయిదు సెకన్లకు పైగా ఆ గదిలో నిలిచి ఉండేది. సబైన్ రాత్రివేళల్లో పక్కనున్న శాండర్స్ థియేటర్ నుండి కుర్చీల మెత్తలను మోయించి, వాటిని గదిలో పరచి, ఎన్ని మెత్తలకు ఎంత మోత తగ్గిందో కొలిచి, తెల్లవారేసరికి తిరిగి చేర్చేవాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుందనేది ఆ కృషి నుండి పుట్టిన సూత్రం.

ఒక మామూలు ముందుగదికి దీనిని వర్తింపజేసి చూద్దాం. గది పొడవు 4 మీటర్లు, వెడల్పు 3, ఎత్తు 3 అనుకుంటే ఘనపరిమాణం 36 ఘనమీటర్లు, గోడలు, నేల, కప్పు కలిపి వైశాల్యం 66 చదరపు మీటర్లు. గట్టి ఉపరితలాలు తమమీద పడిన ధ్వనిలో సగటున నూటికి 4 వంతులు పీలుస్తాయనుకుంటే శోషణ 2.64. సూత్రం ప్రకారం ఖాళీ గదిలో ప్రతినాద కాలం సుమారు 2.2 సెకన్లు. ఆ గదిలో ఒక మందపాటి కర్టెన్, దూదిపరుపు వేసిన మంచం, ముగ్గురు మనుషులు చేరితే శోషణ 7 దాటవచ్చు. అప్పుడు కాలం 0.8 సెకనుకు పడిపోతుంది. కొత్త ఇంటిలో టీవీ ధ్వని బాగా లేదని స్పీకర్లు మార్చే ముందు కిటికీలకు కర్టెన్లు వేసి చూడడం మంచిది. పుస్తకాల బీరువా, నేలమీద జంపఖానా కూడా సహాయపడతాయి. గుడ్డు అట్టలు గోడకు అతికించమనే సలహా తరచుగా వినబడుతుంది. అవి పలచనివి కనుక ఆ శ్రమకు తగిన ఫలం ఉండదు, సులభంగా అంటుకొనే వస్తువులు కూడా.

సీలింగ్ ఫ్యాన్ హోరును కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో ఫ్యాను, కూలరు రెండూ తిరిగే గదిలో హల్లుల వంటి బలహీన ధ్వనులు వాటి శబ్దంలో కలిసిపోతాయి. ఫ్యాను ఆపమని ఎవరూ చెప్పలేరు. అటువంటి చోట స్పీకరును మనిషికి దగ్గరగా తేవడమే ఉపాయం. అడ్డంకులు లేని చోట దూరం సగమైతే సూటిగా వచ్చే ధ్వని 6 డెసిబెల్‌లు పెరుగుతుంది, ఫ్యాను హోరు, గది మోత మాత్రం పెరగవు.

ప్రకటనలు, రాత్రివేళ

సినిమాలో గుసగుస, పేలుడు ఒకదాని వెంట ఒకటి రావడం వలన రిమోటు చేత పట్టుకొని కూర్చోవలసి వస్తుంది. మెనూలో 'నైట్ మోడ్' వంటి పేరుతో ఉండే ఎంపిక పెద్ద ధ్వనులను తగ్గించి చిన్నవాటిని పెంచుతుంది. సంగీతానికి ఇది నష్టమే గాని సంభాషణకు లాభం. ప్రకటనలు హఠాత్తుగా బిగ్గరగా రావడం మరొక సమస్య. భారతదేశంలో 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నియమాలు ప్రకటనల ధ్వని అతిగా బిగ్గరగా ఉండరాదని చెబుతాయి. యూరప్ ప్రసార సంఘం 2010లో కార్యక్రమాల సగటు బిగ్గరతనానికి ఒక ప్రమాణాన్ని సిఫారసు చేసింది. అమెరికాలో అదే ఏడాది చేసిన చట్టం 2012 డిసెంబరు నుండి అమలయింది.

బేస్, ట్రెబుల్ మీటలు ఉంటే బేస్‌ను కొంచెం తగ్గించి, ట్రెబుల్‌ను కొంచెం పెంచితే మాట తేటపడుతుంది. 'సరౌండ్', 'వర్చువల్' వంటి పేర్లున్న ఎంపికలు గొంతును చెదరగొడతాయి కనుక వార్తల సమయంలో వాటిని ఆపివేయడం మేలు.

వృద్ధులున్న ఇంటిలో

పెద్దవారు వాల్యూమ్ పెంచడం, మిగిలినవారు విసుక్కొనడం, కొంతకాలానికి ఆ పెద్దవారు టీవీ ముందు కూర్చొనడమే మానివేయడం అనేక ఇళ్ళలో జరిగే విషయం. వారి కుర్చీ పక్కనే, చెవికి ఒక మీటరు లోపు దూరంలో, చిన్న స్పీకరు ఒకటి తీగతో కలిపి పెడితే మిగతా గదిలో శబ్దం పెంచకుండానే వారికి మాట అందుతుంది. ఇయర్‌ఫోన్ రంధ్రానికి రెండు శాఖలుగా చీలే పిన్ను తగిలిస్తే ఒక తీగ ముందున్న స్పీకర్లకు, మరొకటి ఈ చిన్న స్పీకరుకు పోతుంది. ఈ చిన్న స్పీకరు కూడా ఆంప్లిఫయర్ తనలోనే ఉన్నదై, శబ్దం పెంచే మీట తనకంటూ కలిగి ఉండాలి. హెడ్‌ఫోన్‌లు ఇంకా బాగా పనిచేస్తాయి గాని, పక్కవారితో మాట కలపడానికి వీలుండదని చాలామంది వాటిని ఇష్టపడరు. ఒక చెవి మాత్రమే హఠాత్తుగా వినబడకపోయినా, కొద్దిరోజులలోనే వినికిడి బాగా తగ్గినా అది స్పీకర్లతో తీరే విషయం కాదు, ఆలస్యం చేయకుండా చెవి వైద్యునికి చూపించాలి.

జాగ్రత్తలు

ఇప్పటికీ పిక్చర్ ట్యూబు టీవీ వాడుతున్నవారు దాని మూత విప్పి లోపలి స్పీకరు తీగల నుండి బయటి స్పీకరుకు కలిపే ప్రయత్నం చేయరాదు. రంగుల టీవీ ట్యూబుకు 20,000 వోల్టులకు మించిన విద్యుత్తు అందుతుంది, స్విచ్చి కట్టేసిన తరువాత కూడా అది కొంతకాలం ట్యూబులో నిలిచి ఉంటుంది. కొన్ని నమూనాలలో లోపలి లోహపు చట్రం నేరుగా ఇంటి కరెంటుతో కలిసి ఉంటుంది. వెనుకవైపు ధ్వని బయటికి వచ్చే రంధ్రాలు ఉంటేనే, వాటిద్వారానే కలపాలి. ఇటువంటి టీవీకి ఆనించి పెట్టిన స్పీకరులోని అయస్కాంతం వలన తెర అంచున ఆకుపచ్చ, ఊదా మచ్చలు ఏర్పడతాయి. స్పీకరును అరమీటరు దూరం జరిపి, టీవీని కొంతసేపు ఆపి తిరిగి వేస్తే అవి సాధారణంగా పోతాయి. ఎల్.సి.డి., ఎల్.ఇ.డి. తెరలకు ఈ బెడద లేదు.